రెండు ఇంజిన్లు, ఎర్ర అట్ట

మామయ్యకి,
నీ మేనకోడలి నమస్కారాలు. నువ్వు కులాసా అనుకుంటాను, నా సంగతి మాత్రం అడక్కు. రెండింజిన్ల విమానం పరీక్ష తప్పాను. ఇరవయ్యో తారీఖున మళ్ళీ పెడతారు. ఈసారీ తప్పితే పైలట్ స్కూలు నుంచి ఇంటికి పంపేస్తారు. ఇక్కడ అందరి దగ్గరా కొత్త ప్రశ్నల బ్యాంకు ఉంది. నీ బైండింగ్ షాపు పక్కనే పుస్తకాల కొట్టు కదా, అర్జెంటుగా ఒకటి కొని పంపు. మా విమానం మాన్యువల్ కూడా పంపుతున్నాను. అట్ట చిరిగింది, కొత్తది వెయ్యి.
నీ కోడలు
తా.క.: అట్ట మాత్రమే మామయ్యా.

చిరంజీవి పైలటమ్మకి,
మామయ్య ఆశీస్సులు. ప్రశ్నల బ్యాంకు స్టాకు లేదు. నీ మాన్యువల్ చూస్తే కడుపు తరుక్కుపోయిందే! నాలుగు వందల పేజీలు, కుట్టు లేదు, జిగురు లేదు, మూడు ఇనప రింగులకి వేలాడుతున్నాయి. ఏ సన్నాసి చేశాడే ఆ పని? రింగులు పీకేసి, దారంతో కుట్టి, ఎర్ర తోలు అట్ట వేశాను. విమానం విరిగినా ఆ పుస్తకం విరగదు.
నీ మామయ్య
తా.క.: కొన్ని పేజీ నంబర్లు రెండేసిసార్లు ఉన్నాయి. ప్రెస్సువాళ్ళ పొరపాటు. పద్నాలుగు పేజీలు ఏరి పారేశాను.

మామయ్యా,
నమస్కారం తర్వాత పెడతాను. కొంప ముంచావు! ఆ రింగులు ఉన్నదే పాత పేజీ తీసి కొత్తది పెట్టడానికి. విమానం కంపెనీవాళ్ళు వేగాల లెక్కలు మార్చినప్పుడల్లా కొత్త పేజీలు పంపుతారు. పాతవి తియ్యడానికి నేను బద్ధకించాను, నువ్వేమో కొత్తవి పారేశావు! లైబ్రరీ కాపీ బయటికివ్వరు. మూడు రోజులుగా లైబ్రరీలో కూర్చుని పద్నాలుగు పేజీలూ చేత్తో రాసుకుంటున్నాను. ఆ బ్యాంకు ఎక్కడైనా వెతుకు, నీకు దణ్ణం పెడతాను.
వేళ్ళు వంకరపోయిన కోడలు
తా.క.: పరీక్షలో పరీక్షాధికారి ఆకాశంలో ఒక ఇంజిన్ కావాలనే ఆపేస్తారు. అప్పుడేం చెయ్యాలో ఆ పేజీల్లోనే ఉంది.

అమ్మడూ,
నీ తాజాకలం చదివాక ముద్ద దిగలేదు. బాగున్న ఇంజిన్ని కావాలని ఆపడమేంటే? పిల్లల ప్రాణాలంటే లెక్కలేదా? మీ పరీక్షాధికారికి రిజిస్టర్ పోస్టులో రెండు పేజీలు దంచాను. "ఒక ఇంజిన్ ఆగితే విమానం ఎటు తిరుగుతుంది? మా పిల్ల దాన్నెలా నిలబెడుతుంది? రెండోదీ ఆగితే మీరొచ్చి పట్టుకుంటారా?" అని కడిగేశాను.
మండిపోతున్న మామయ్య
తా.క.: నీ పేరు, రోల్ నంబరు కూడా రాశాను. కోపం ఇంకో పిల్ల మీదికి పోకూడదుగా.

మా బంగారు మామయ్యకి,
బాకీ ఉన్న నమస్కారాలన్నీ ఇవిగో. పాసయ్యాను!
పరీక్షాధికారి నా ముందు నీ ఉత్తరం పెట్టారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. "ఈ పెద్దాయనకి అర్థమయ్యేలా జవాబు చెప్పమ్మా. అదే నీ ఓరల్ పరీక్ష" అన్నారు. నువ్వు ఎదురుగా కూర్చున్నట్టే చెప్పాను. ఆగిన ఇంజిన్ వైపు విమానం ముక్కు తిరుగుతుంది మామయ్యా, అవతలి కాలితో పెడల్ గట్టిగా తొక్కాలి, వేగం తగ్గనివ్వకూడదు. ఎంత వేగమో చెప్పాల్సి వచ్చేసరికి, నేను చేత్తో రాసుకున్న పేజీ కళ్ళముందు కనపడింది. తర్వాత పైకెళ్ళాం. ఇంజిన్ ఆపేశారు. బెదరలేదు. ఒక్క ఇంజిన్ మీదే తిన్నగా దించాను. బ్యాచ్‌లో నేనే ఫస్టు! బ్యాంకు బట్టీపట్టినవాళ్ళు ముగ్గురు తప్పారు.
నీ కోడలు
తా.క.: రెండోదీ ఆగితే, పక్కసీట్లో తానూ ఉంటానని పరీక్షాధికారి నీకు రాయమన్నారు.

కెప్టెనమ్మకి,
బైండరు మామయ్య సెల్యూట్. ఏడ్చేశానే, చెప్పుకోడానికి సిగ్గేం లేదు. షాపు ముందు నిలబడి వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పాను.
ఇప్పుడొక నిజం చెప్తాను, తిట్టకు. ప్రశ్నల బ్యాంకు నీ ఉత్తరం అందిన రోజే కొన్నాను. పోయిన పరీక్షప్పుడు అలాంటిదే పట్టుకుని జవాబులన్నీ నాకు గడగడా అప్పజెప్పావు. 'ఎందుకు' అనడిగితే నోరెళ్ళబెట్టావు. అందుకే దాచేశాను.
గర్వంతో మామయ్య
తా.క.: పేజీలు పారేసింది మాత్రం తెలివితో కాదే, నిజంగా తెలియకే.