ఎడమచేతి ముడి

ద్రాక్షారామం,
12-5-1979.

చెల్లీ మాణిక్యం,

భీమేశ్వరుడు నిన్ను చల్లగా చూడాలి.

నిన్న మా మనవరాలు బుజ్జమ్మ తాటాకుతో పెళ్లికూతురు బొమ్మ కడుతోంది. ఎడమచేత్తోనే, అచ్చం నీలాగే. “కుడిచేత్తో కట్టవే” అనబోయి ఆగిపోయాను.

శుభమా అంటూ బొమ్మల పెళ్లి చేస్తుంటే ఎడమచెయ్యేమిటని, చిన్నప్పుడు నీ చేతిని చీరపేలికతో నడుముకి కట్టేశాను. నువ్వు ఏడవలేదు. మళ్లీ ఎప్పుడూ బొమ్మ ముట్టుకోలేదు. పెద్దదాన్ని, మంచే చేశాననుకున్నాను. ఇన్నేళ్ల పూజల్లో ఆ సంగతి దేవుడితో ఒక్కసారీ చెప్పుకోలేదు.

నేను కుడిచేత్తో చూపిస్తే బుజ్జమ్మకు ముడి తిరగబడుతోంది. “నాలాంటి చెయ్యి ఇంకెవరికీ లేదా అమ్మమ్మా?” అని అడిగింది. నీ పేరు చెప్పాను.

ఒకసారి రావే. నువ్వు దానికి నేర్పుతుంటే నేను పక్కన కూర్చుని ఆకులు అందిస్తాను.

నీ అక్కయ్య