ఎడమచెయ్యి పట్టిన మనిషికి

సోమవారం, 11వ తేదీ
మధ్యాహ్నం

బావమరిదికి మీ బావ ఆశీస్సులు. ఇక్కడ మేం కులాసా. అక్కడ నువ్వూ మా చెల్లాయీ కులాసా అనే సంగతి మీ అక్క ఫోన్ పెట్టేసిన ప్రతిసారీ నాకు వినపడేలా గోడకి చెబుతూ ఉంటుంది కాబట్టి వేరే అడగడం లేదు. నేను ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. ఉత్తరమైతే చదవకుండా ఉండలేవు. మేకులు పొట్లం కట్టి ఇచ్చిన కాగితాన్ని కూడా రెండువైపులా చదివిగాని పారెయ్యని మనిషివి. ఆ ధైర్యంతోనే ఇది.

ఏడేళ్ళ తర్వాత ఉత్తరం వచ్చింది కదా, ఏ కొంప మునిగిందో అని కంగారుపడకు. ఎవరికీ ఏమీ కాలేదు. నిన్న మన బొమ్మలాటల సంబరం మొదలైంది. ఇది పదో ఏడు. ఎప్పటిలాగే రెండు ఆదివారాలు. నిన్న మొదటిది అయింది, వచ్చే ఆదివారం ఆఖరిది. ఆ కబుర్లు చెప్పి, తర్వాత ఒక మాట అడుగుతాను. ముందే చివరికి వెళ్ళి చదవకు, నీకా అలవాటుంది.

చోటు అదే, గ్రంథాలయం మేడమీది హాలు. మెట్ల దగ్గర ఇరుకు కూడా అదే. నువ్వు చేసిన మడత వేదిక ఇంకా కిర్రుమనకుండా నిలబడింది. గోడలకి మాత్రం ఎవరో ముదురు నీలం వేయించారు, మధ్యాహ్నం పూట కూడా లైట్లు వేసుకోవాల్సి వస్తోంది. పిల్లల బొమ్మలు ముప్ఫై రెండు వచ్చాయి. మేజోళ్ళతో చేసినవి, పాత గొడుగు బట్టతో చేసినవి, అట్టపెట్టె మొసలి ఒకటి. ఆ మొసలి నోరు తెరిస్తే ఇక మూసుకోదు. దాన్ని చేసిన పిల్లకి ఎనిమిదేళ్ళుంటాయి. ఆట ఆసాంతం రెండో చేత్తో దాని దవడ మూస్తూనే ఉంది, కథ మాత్రం ఆపలేదు. పెద్దవాళ్ళ బొమ్మలు పదకొండు, అందులో చూడదగ్గవి మూడు. పిల్లలు బొమ్మని చేతికి తొడుక్కోగానే దాని మొహం చూస్తారు. పెద్దవాళ్ళు తమనెవరు చూస్తున్నారా అని చూసుకుంటారు. ఏటా ఇదే తంతు.

ఈసారి తాతమ్మని బయటికి తీశాం. ఆ రోజు పడిపోయాక పెట్టెలో పెట్టిన బొమ్మని మళ్ళీ ఎవరూ ముట్టుకోలేదు. పదో ఏడు కదా, తాతమ్మ లేకపోతే ఎలా అని డ్రిల్లు మాస్టారు పట్టుబట్టాడు. ఇప్పుడు సంబరం పెత్తనమంతా ఆయనదే. నువ్వు చెక్కిన తలకి చెదలు పట్టలేదు. నేను కుట్టిన ఒంటిలోనే ఎలుకలు నడుం దగ్గర దారి చేసుకున్నాయి, కొత్త గుడ్డ వేయించాను. గడ్డం మీద నువ్వు అతికిన గీత అలాగే ఉంది. వెళ్ళిపోయే ముందు రోజంతా కూర్చుని ఆ తల బాగుచేసి, జిగురు ఆరేదాకా ఉండి, అప్పుడు పనిముట్ల సంచీ భుజాన వేసుకున్నావట. ఇది మీ అక్క చెప్పిన మాట. నేను ఆ రోజు కొట్టు తలుపు మూసుకుని, ఎవరిదో కోటు మెడపట్టీ ఊడదీసి కుట్టి, మళ్ళీ ఊడదీస్తూ కూర్చున్నాను.

అప్పట్లో నేను పట్టిన తలా, కుడిచెయ్యీ ఇప్పుడు మన వీధిలో ఉండే బస్సు కండక్టరు పడుతున్నాడు. నేను మోకాళ్ళ నొప్పి అని చెప్పి తాతమ్మకి గొంతు ఇవ్వడం వరకే ఒప్పుకున్నాను. తెర పక్కన కుర్చీ, ఎడమచేతిలో మైకు. కండక్టరు మంచివాడు, వేళ్ళు చురుకు. కాకపోతే తాతమ్మని వేదిక చివరికి నడిపించేటప్పుడు అలవాటుకొద్దీ ముందుకు జరగండి, ముందుకు జరగండి అని గొణుగుతాడు. రిహార్సల్లో ముందు వరసవాళ్ళు నిజంగానే జరిగారు.

ఇక నువ్వు పట్టిన ఎడమచెయ్యీ, కాళ్ళూ. నిలబడి చదువుతుంటే కూర్చో. అవి పడుతున్నది మీ పెద్దమ్మాయి.

కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగమని తను మా ఇంటికి వచ్చి నాలుగు నెలలైంది కదా. పిల్ల మేనత్త ఇంట్లో ఉండటానికి నువ్వు అడ్డు చెప్పలేదు, ఆ మర్యాద నాకు గుర్తుంది. మొదటి వారంలోనే సాయంత్రాలు బొమ్మలాట వర్క్‌షాపుకి వెళ్తానంది. నాన్నకి చెప్పొద్దని మీ అక్క దగ్గర మాట తీసుకుంది. నన్నెవరూ మాట అడగలేదు కాబట్టి చెబుతున్నాను.

అక్కడ కొత్తవాళ్ళకి చెప్పే మొదటి పాఠం నీకు తెలియదు. నువ్వు వెళ్ళాక పుట్టింది. బొమ్మ చేతులు మారేటప్పుడు తీసుకునేవాడు పట్టుకున్నా అనాలి, ఆ మాట చెవిన పడ్డాకే ఇచ్చేవాడు వదలాలి. ఇంతవరకూ మనిద్దరం పెట్టుకున్న పద్ధతే. దానికి మాస్టారు ఒక కథ తగిలించాడు. ఒకప్పుడు ఒక వడ్రంగి ఉండేవాడట. తాతమ్మ నిచ్చెనెక్కే ఘట్టంలో తల పట్టినవాడు బల్ల చుట్టూ తిరిగి రావాలి కాబట్టి, నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు బొమ్మ బరువంతా ఈ వడ్రంగిదేనట. అతను పట్టుకున్నా అని నోటితో అనేసి, చెయ్యి పెట్టకుండా పరధ్యానంగా నిలబడ్డాడట. తాతమ్మ తల బల్ల అంచుకి తగిలి పగిలిందట, పిల్లలు బావురుమన్నారట. అక్కడితో ఆగినా బాగుండేది. ఎవరి చేతిలోంచి ఏది జారినా, గ్లాసైనా గొడుగైనా, వడ్రంగి పట్టు అనడం ఇక్కడ వాడుకైపోయింది. మొన్న పాలవాడు మా గుమ్మంలో క్యాను జారవిడిచి తనని తనే ఆ మాట అనుకున్నాడు. అతనికి నువ్వెవరో కూడా తెలియదు.

మీ అమ్మాయికి ఆ కథ మొదటి రోజే చెప్పారు. ఇంటికొచ్చి, భోజనాల దగ్గర, ఆ వడ్రంగి మా నాన్నేనా అత్తా అని అడిగింది. మీ అక్క నా వంక చూసింది. నేను మంచినీళ్ళు తాగాను. మా నాన్న చేతిలోంచి చిన్న ఉలి జారడం కూడా నేనెప్పుడూ చూళ్ళేదు అంది. మర్నాడు వెళ్ళి ఎడమచేతికి పేరు రాయించుకుంది. పంతం అచ్చం నీదే.

అప్పట్నుంచీ మా ఇల్లు ఇల్లులా లేదు. దిండుకి తువ్వాలు చుట్టి, కింద చీపురు కర్ర గుచ్చి, రోజూ పొద్దున్నే నడవాలో సాధన. మీ అక్క గిన్నె అందిస్తే పట్టుకున్నా అనందే తీసుకోదు. ఆ గాలి సోకి ఒకరోజు నేను కూడా ఉప్పు డబ్బా అందుకుంటూ పట్టుకున్నా అన్నాను. ఇద్దరూ నవ్వారు.

నిన్నటి ఆటలో నిచ్చెన ఘట్టం వచ్చింది. కండక్టరు బొమ్మని అందించాడు. మీ అమ్మాయి మెడకర్ర కింద చెయ్యి పెట్టి పట్టుకున్నా అని ఒక్క అరుపు అరిచింది. మనం ఆ మాట గుసగుసగా అనేవాళ్ళం. ఇది ఆఖరి వరసకి వినపడింది. పిల్లలు అదీ కథలో ముక్కే అనుకున్నారు. ఆ తర్వాత తాతమ్మ డబ్బా తీసినా, దీపం తీసినా, హాలంతా పట్టుకున్నా అని కేకలు. ఆ గోలకి కండక్టరు బెదిరిపోయి మాటలు మర్చిపోయాడు, అదృష్టవశాత్తూ మాటలు నావి. తాతమ్మ నాలుగు అంకెలూ నిటారుగా నిలబడింది. నువ్వు చూసుంటే బాగుండేదని మీ అక్క అంది. నేనూ అనుకున్నాను, పైకి అనలేదు.

ఆట అయ్యాక ప్రశ్నల వేళ. పిల్లలు ఏదైనా అడగొచ్చు, తాతమ్మే జవాబు చెప్పాలి, తాతమ్మ అబద్ధం ఆడదు. ఆ నియమం పెట్టింది నువ్వే. వయసెంత, పళ్ళెందుకు లేవు, ఇన్నాళ్ళూ పెట్టెలో ఏం చేశావు అని అడిగారు. తోచింది చెబుతూ వచ్చాను. మధ్యలో మాస్టారు ఊరుకోలేక వడ్రంగి కథ ఎత్తుకున్నాడు, ఈసారి నిండు సభలో. అది అవగానే మొసలి పిల్ల లేచింది. అసలు నిన్ను వదిలేసింది ఎవరు తాతమ్మా అని అడిగింది.

నా తలకి దెబ్బ తగిలింది కదమ్మా, ఏమీ గుర్తులేదు అన్నాను, తాతమ్మ గొంతుతో. హాలు గొల్లుమంది. తాతమ్మ నవ్వినప్పుడు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంటుందని నీకు తెలుసు. నిన్న కుడిచెయ్యి ఒక్కటే లేచింది. ఎడమచెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది. మొసలి పిల్ల కూడా నవ్వలేదు. మరి పళ్ళు ఊడిన సంగతి గుర్తుందిగా అంది. మాస్టారు గంట కొట్టేశాడు.

ఇవీ కబుర్లు. పాత తగువు తవ్వడానికి రాయడం లేదు. పట్టుకున్నా అని నేను అనలేదు బావా అని నువ్వు ఒక్కసారే అన్నావు. అన్నావు, చెవులారా విన్నాను అని నేనన్నాను. పెద్దవాణ్ణి కాబట్టి నా మాటే చెల్లింది. ఇద్దరిలో ఎవరో ఒకరం పొరబడి ఉంటాం, అంతటితో సరిపెట్టుకుందాం. నేను అడగదలుచుకున్నది ఇదీ: వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆఖరి ఆట. చెల్లాయిని తీసుకుని రా. వెనక వరసలో కూర్చున్నా సరే, నాతో మాట్లాడకపోయినా సరే. మీ అమ్మాయి పట్టు చూసి వెళ్ళు.

చెల్లాయిని అడిగానని చెప్పు.

ఇట్లు
మీ అక్క మొగుడు, నువ్వు ఒప్పుకుంటే మీ బావ

తా.క.: చేతిరాత చూసి మొదటి ముక్కలోనే పోల్చి ఉంటావు. ఇది నాది కాదు, మీ అమ్మాయిది. నా కుడిచేతి మూడు వేళ్ళలో స్పర్శ పోయింది, కలం నిలవడం లేదు. కొట్లో కత్తెర కూడా వేరేవాళ్ళే పడుతున్నారు, నేను కొలతలు చెబుతాను. నేను చెబుతుంటే తను రాస్తోంది. పైన తన గురించి వచ్చినచోటల్లా ఇది కొట్టెయ్యనా మామయ్యా అంది, వద్దన్నాను.

ఇద్దరిలో ఎవరో పొరబడ్డాం అని రాయించాను. అది అబద్ధం. ఆ వేళ్ళు మొద్దుబారడం ఆ సంబరానికి ముందే మొదలైంది. సూది గుచ్చుకుంటే రక్తం కనపడ్డాకే తెలిసేది. వేళ్ళు పనిచెయ్యని దర్జీకి గుడ్డ ఎవరిస్తారని మీ అక్కకి కూడా చెప్పలేదు. ఆ రోజు బల్ల దగ్గర మెడకర్ర నా చేతిలో ఉందనే అనుకున్నాను. చూసేసరికి లేదు. నువ్వింకా నోరు తెరవలేదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. చెయ్యి సంగతి బయటపడుతుందన్న భయంతో నీ మీదికి నెట్టాను. ఆదివారం నువ్వు వచ్చినా రాకపోయినా ఈ మాట మైకులో చెబుతాను, నా గొంతుతోనే.

ఇక్కడికి వచ్చేసరికి మీ అమ్మాయి కలం ఆపింది. తిడుతుందనుకున్నాను, తిడితే పడదామనుకున్నాను. తను మాత్రం, ఆ ముక్క సరిగ్గా రాయాలి, ఇంకోసారి చెప్పు మామయ్యా అంది. చెప్పాను. నువ్వు అనలేదు. నేనే వదిలేశాను.