ఒక్కో ఫోనుకు ఎంత

ఫిబ్రవరి 10, సోమవారం
నోటీసు బోర్డు మీద నా పేరు! మళ్ళీ మళ్ళీ చదివా. దాని కింద లింగేశ్వరి పేరు. కాలేజీ మొత్తంలో ఇద్దరమే. హైదరాబాద్‌లో కంపెనీల లెక్కలు చూసే ఆఫీసుకు శిక్షణకు పోయేది ఒక్కరే. స్టాటిస్టిక్స్ సార్ పెట్టిన పోటీ ఇది — ఒక కంపెనీ, ఎన్ని ఫోన్లు అమ్మిందో బయటికి చెప్పడం మానేసింది. ఒక్కో ఫోనుకు సగటున దానికి ఎంత రాబడి వస్తుందో మేము అంచనా కట్టాలి. శుక్రవారం క్లాసులో తేలుతుంది.

హాస్టల్లో నాది, లింగీది ఒకే గది. ఇద్దరం నవ్వుకున్నాం. నేను కొంచెం తక్కువ నవ్వా.

ఫిబ్రవరి 11
తలసరి — ఎంత బాగుంది ఈ మాట. మనిషికి తల ఉంది కాబట్టి తలసరి. మరి ఫోనుకు? ఫోనుసరి అని రాసి కొట్టేశా. మళ్ళీ రాశా.

ఫిబ్రవరి 12
వనపర్తి బజారులో ఆ కంపెనీ ఫోన్లు అమ్మే దుకాణాలన్నీ తిరిగా. అన్నిటికంటే పెద్ద ధర, అన్నిటికంటే చిన్న ధర. కలిపి, సగం చేశా. నాయిన పల్లీ ధర చెప్పేదీ ఇట్లాగే — మార్కెట్ యార్డు బోర్డు మీద పైధర, కిందిధర చూసి, నడిమి ధర ఇంటికి ఫోన్ చేసి చెబుతాడు.

రాత్రి గదిలో లింగీ తన లెక్క పైకి చదివింది. నేను అడగలేదు. ఎక్కువ అమ్ముడుపోయే చవక ఫోన్లను ఎక్కువగా లెక్కలోకి తీసుకుంది. ఆ పైన పన్ను, దుకాణాల వాటా తీసేసింది. వాళ్ళది మన్ననూరు. అడవిలో చెట్ల జిగురు సేకరించి, సర్కారు కొనే డిపోకు వేసే ఇల్లు.

"మా అమ్మకు డిపోల ఇచ్చేది ఒకటి, టౌన్ల జిగురు అమ్మేది ఒకటి. కంపెనీకి గూడ గంతే గదనే. దాని చేతికొచ్చేదే రాయాలె."

నీదేదీ, చూపించమంది. ఇంకా కాలేదన్నా. ఎప్పుడో అయిపోయింది. దిండు కింద ఉంది.

ఫిబ్రవరి 14, శుక్రవారం
సార్ కొత్త నియమం పెట్టారు. ఎవరి లెక్క వాళ్ళు చదవడం కాదు — అవతలి వాళ్ళ లెక్కలో తప్పు చెప్పాలి. మొదట నేను.

లేచా.

"ఇది ఫోన్ల లెక్క కాదు సార్. జిగురు లెక్క."

క్లాసంతా నవ్వు. ఆగలేదు నేను. వాళ్ళమ్మ డిపో ముందు మూటతో ఎట్లా నిలబడుతుందో కూడా చెప్పా… గదిలో నాకొక్కదానికే చెప్పిన సంగతి. సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఏమ్మా లింగేశ్వరీ, మీ అడవిల ఫోన్లు చెట్లకు కాస్తున్నయా?"

తర్వాత ఆమె వంతు. నా లెక్కలో తప్పేమిటని అడిగారు.

"దాంది నాకు చూపియ్యలే సార్."

కూర్చుంది.

ఫిబ్రవరి 15
మగపిల్లలు ఆమెను జిగురు అని పిలుస్తున్నారు. మెస్‌లో ఆమె పక్కన ఎవరూ లేరు. నేను వేరే బల్ల దగ్గర తిన్నా. మాటకు బలం ఉంటుందని చదివా. చూడడం ఇప్పుడే.

ఫిబ్రవరి 17, సోమవారం
పోయేది నేనే. సార్ చెప్పారు. నాయిన వాడకట్టంతా చెప్పుకున్నాడట.

సాయంత్రం లైబ్రరీలో కంపెనీ పాత నివేదిక దొరికింది — ఫోన్ల సంఖ్య దాచకముందుది. ఫోన్ల రాబడిని సంఖ్యతో భాగించా. అప్పటి నుంచి పెరిగిన ధరలు కలిపినా లింగీ అంకెకు దగ్గరగానే ఉంది. నాది దానికి రెండింతలు.

నాయిన చెప్పే నడిమి ధర మా పల్లీకి ఎప్పుడూ పలకలేదు. ఇప్పుడు గుర్తొస్తోంది.

ఫిబ్రవరి 18
సార్ దగ్గరికి పోయి చెప్పా. నాది తప్పు, ఆమెది సరి. ఆయన తల ఎత్తలేదు.

"నాకు తెల్వదనుకున్నవా? శుక్రవారమే తెల్సు."

అయితే ఆమెను పంపండి — అనాలి. నోటి దాకా వచ్చింది. అక్కడే ఉంది.

"లెక్క ఎవలైనా చేస్తరు. నలుగుట్ల ఇంకోల్లను పడగొట్టుడు నీకొచ్చు. ఆ ఆఫీసోళ్లకు గట్లాంటోళ్లే గావాలె." తప్పు అంకె ఆ ఆఫీసుకు చేరితే తన పరువు పోతుందన్నారు. "ఆమె లెక్క నీ పేరు మీద రాసుకొని రా. రేపు పది లోపల."

సరే సార్ అన్నా. అనేశా.

లింగీ కాగితాలు ఆమె గూట్లోనే ఉన్నాయి, అన్నిటికంటే పైన. పొద్దున ఆరింటికి బకెట్ తీసుకుని స్నానాల వరుసలోకి పోతుంది. అంతకుముందే లేచి అడగాలి… లేదా, ఆమె పోయేదాకా దుప్పటి కప్పుకుని పడుకోవాలి. అలారం ఐదున్నరకు పెట్టా.