పన్నెండు సబ్బుల ఆదాయం

వైద్య సహాయ మంజూరు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా నెలసరి ఆదాయమును ఏడు లక్షల అరవై వేలుగా నిర్ణయించి, నా భార్య ఆపరేషనుకు మత్తుమందు మంజూరు నిరాకరించిన ఉత్తర్వును తిరిగి పరిశీలించవలసినదిగా కోరుట గురించి.

నేను తూకపు కాటాలు బాగుచేసే పనివాడిని. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇదే పని. బడికి పోలేదు. తూకపు రాళ్ళ మీద పోతపోసిన అంకెలతో లెక్కలు, పొట్లాలు కట్టిన కాగితాలతో అక్షరాలు నేర్చుకున్నాను. కనుక ఈ అర్జీలో భాషాదోషాలు ఉంటే మన్నించవలెను. అంకెలలో దోషం ఉండదు.

1. నా భార్యకు కడుపులో గడ్డ ఉన్నది. ఈ నెల ఇరవై రెండో తేదీన తీసివేస్తామని పెద్దాసుపత్రి సర్జను గారు చెప్పినారు. ఆ తేదీ దాటితే మళ్ళీ ఎప్పుడో చెప్పలేమని, గడ్డ అంతవరకు ఆగదని కూడా చెప్పినారు. ఆసుపత్రిలో సామాను లేనందున రోగి తరఫువారు తెచ్చుకోవలసిన వస్తువుల జాబితా ఇచ్చినారు. అవి పద్నాలుగు. అందులో పదమూడు నేను సంపాదించినాను. మందుల దుకాణం కాటా బాగుచేసి సెలైను సీసాలు రెండు, సూదులు నాలుగు తెచ్చాను. పిండిమర కాటాకు రెండు రోజులు పనిచేసి, ఆ యజమాని బావమరిది దగ్గర నుంచి కుట్టుదారం తెచ్చాను. చేతి తొడుగులు, దూది, గుడ్డ ఇలాగే వచ్చినవి. పద్నాలుగోది మత్తుమందు. అది బజారులో లేదు. ప్రభుత్వ మందుల గిడ్డంగిలో ఉన్నది. తమ సంతకం ఉంటేనే ఇస్తారు.

2. దరఖాస్తు ఫారంలో ఏడో గడి నెలసరి ఆదాయం. యాభై వేలు దాటరాదు. ఆ పరిమితి కిందటి ఏడు కొత్త నోట్లు వచ్చినప్పుడు పెట్టినది. అందులో నేను ఉన్నది ఉన్నట్లు రాసినాను: సబ్బులు పన్నెండు, పిండి తొమ్మిది కిలోలు, వంటనూనె మూడు లీటర్లు, కిరోసిన్ నాలుగు సీసాలు, నగదు లేదు.

నగదు ఎందుకు లేదో మనవి చేయవలసి ఉన్నది. కిందటి ఏడు ప్రభుత్వం వారు నోట్ల మీద మూడు సున్నాలు తీసివేసినారు. నా లెక్కల పుస్తకంలో నేనూ తీసివేశాను. నాలుగు నెలలు తిరగకముందే అవి వాటంతట అవే వచ్చి కూర్చున్నవి. ఆ రోజుల్లో బ్యాంకువారు పిలిస్తే పోయినాను. నోట్లు లెక్కపెట్టే తీరిక లేక కట్టలను తూచి ఇస్తున్నారు, ఆ కాటా మొరాయించింది. బాగుచేసినందుకు నాకూ తూచే ఇచ్చినారు. సోమవారం తీసుకున్న ఆ కట్టతో పిండి కొనవచ్చని అనుకున్నాను. దుకాణంలో సరుకు లేదు. గురువారం సరుకు వచ్చింది. అదే కట్టకు అగ్గిపెట్టె ఇచ్చి, చిల్లర లేదన్నారు. ఆ రోజు నుంచి కూలి వస్తువుగానే తీసుకుంటున్నాను. కిలో ఇప్పటికీ కిలోగానే ఉన్నది.

3. తమ కార్యాలయం గుమాస్తా గారు నా సబ్బుకు ముప్ఫై వేలు, పిండి కిలోకు ఇరవై వేలు, నూనె లీటరుకు అరవై వేలు, కిరోసిన్ సీసాకు పది వేలు చొప్పున ధర కట్టి, ఏడు లక్షల అరవై వేలని ఎర్రసిరాతో రాసి, "అధిక ఆదాయ వర్గము" అని ముద్ర వేసినారు.

తమ కార్యాలయం గుమ్మం దగ్గరే ప్రభుత్వం వారి ధరల బోర్డు ఉన్నది. దాని ప్రకారం సబ్బు ఎనిమిది వందలు. పిండి తొమ్మిది వందలు. నూనె రెండు వేల అయిదు వందలు. కిరోసిన్ ఆరు వందలు. ఆ లెక్కన నా ఆదాయం ఇరవై ఏడు వేల ఆరు వందలు. ఈ సంగతి నేను గుమాస్తా గారికి చూపించినాను. జరిగిన సంభాషణ ఆ రోజే పుస్తకంలో రాసుకున్నాను గనుక ఉన్నదున్నట్లు ఇస్తున్నాను.

"ఆ ధరకి సబ్బు ఎక్కడ దొరుకుతుందయ్యా? దొరికితే నాకూ చెప్పు, మా ఇంట్లో వారం నుంచి లేదు."

"బోర్డు మీద ఉంది కదండీ."

"బోర్డు ప్రభుత్వానిది. సబ్బు బజారుది."

"మరి యాభై వేల పరిమితి ఎవరిదండీ?"

"అది ప్రభుత్వానిదే."

"అయితే పరిమితికి ప్రభుత్వం ధర, నా సబ్బుకు బజారు ధరానా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తరువాత గొంతు తగ్గించి, "చూడు పెద్దాయనా, ఏడో గడిలో ఏమీ లేదని రాసుంటే ఈపాటికి మందు నీ చేతిలో ఉండేది. అందరూ అదే రాస్తారు. సబ్బులు లెక్కపెట్టి రాయమని నీకెవరు చెప్పారు?" అన్నారు.

ఎవరూ చెప్పలేదు. తీసుకున్నది తీసుకోలేదని రాయడం నాకు చేతకాలేదు. అది నా తప్పే. ఆయన మీద ఫిర్యాదు లేదు. నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చినది ఆయన ఒక్కరే.

4. బోర్డు కిందనే, పై ధరలకు మించి అమ్ముట, కొనుట, లెక్కగట్టుట శిక్షార్హమైన నేరములు అని రాసి ఉన్నది. నా ఫారం మీది ఎర్రసిరా లెక్క దీని కిందికి వస్తుందా రాదా అన్నది తమరే చెప్పవలెను. నేను ఎవరినీ ఇరికించదలచుకోలేదు.

5. బోర్డు ధరకు రసీదులు తెస్తే ఆదాయం తగ్గిస్తామన్నారు. దుకాణాలకు తిరిగినాను. బోర్డు ధర రాస్తే తేడా మా నెత్తిన పడుతుందంటారు. అసలు ధర రాస్తే జైలంటారు. ఒకాయన మాత్రం, "రసీదు కాగితం ధరెంతో తెలుసా అన్నా? దాని బదులు సబ్బే ఇంకోటి ఇస్తాను, పట్టుకెళ్ళు" అన్నాడు. తీసుకోలేదు. తీసుకుంటే ఆదాయం పదమూడు అవుతుంది.

6. నిరాకరణ కాగితం ఇంటికి తెచ్చి నా భార్యకు చదివి వినిపించాను. ఆమె పడుకునే విన్నది. "ఇన్నాళ్ళూ లక్షాధికారి పెళ్ళాన్నని నాకెవరూ చెప్పలేదే" అన్నది. కాసేపటికి, "సబ్బు అరిగితే ఆదాయం తగ్గుతుందేమో, నీళ్ళు కాచండి, స్నానం చేస్తాను" అన్నది. నవ్వితే ఆమెకు నొప్పి వస్తుంది. అయినా నవ్వింది. ఇటువంటి విషయం అర్జీలో రాయకూడదని తెలుసు.

7. ఫారంలో పదకొండో గడి రోగి బరువు. మత్తుమందు మోతాదు బరువును బట్టి ఇస్తారు గనుక అది సరిగా ఉండాలట. ఆసుపత్రి కాటా పాడైనందున నా కాటా మీదనే తూచి రాస్తున్నాను. మొదటి దరఖాస్తునాడు యాభై నాలుగు కిలోల రెండు వందల గ్రాములు. ఒక సంతకం తక్కువైందని అది వెనక్కి వచ్చింది. రెండోసారి నలభై తొమ్మిది. అప్పుడు స్టాంపు చాలలేదు. ఫారం దారిలో ఉండగానే స్టాంపు ధర పెరిగింది. మిగతా స్టాంపు అంటించాక ఆదాయం ఎక్కువని నిరాకరించినారు. ఈ మూడోసారి నలభై మూడు ఆరు వందలు. ప్రతిసారీ పాత అంకె కొట్టివేసి రాస్తే, సిరాతో కొట్టివేతలు చెల్లవు, కొత్త ఫారం కొనమన్నారు. మొన్న రేడియోలో మంత్రి గారు ధరలు తగ్గుముఖం పట్టినవని చెప్పినారు. నా పుస్తకంలో ఈ ఏడాది తగ్గినది ఈ ఒక్క గడి మాత్రమే.

8. మత్తుమందు ధర గిడ్డంగి జాబితాలో పద్దెనిమిది వేల నాలుగు వందలు అని ఉన్నది. తమ కార్యాలయం వారు సంతకం పెట్టి నిర్ణయించిన ధర ప్రకారం నా సబ్బు ఒక్కొక్కటి ముప్ఫై వేలు. అనగా ఆ మందు నా సబ్బు ఒక్కటి కంటే తక్కువ. కనుక సహాయం కింద ఇవ్వడానికి నేను తగనివాడిని అయితే, సహాయం వద్దు. అమ్మండి. ఈ అర్జీతో ఒక సబ్బు జతపరుస్తున్నాను. మిగిలిన పదకొండు వేల ఆరు వందలు తిరిగి ఇవ్వనక్కరలేదు. ఇది లంచం కాదు. విప్పని సబ్బు. తూచి చూసుకోవచ్చును.

సబ్బు ముప్ఫై వేలు చేయదని తమకు అనిపించినచో, అప్పుడు నేను అధిక ఆదాయ వర్గమును కాను. ఈ రెండింటిలో తమకు ఏది న్యాయమని తోచినా నాకు సమ్మతమే. నాకు కావలసినది ఇరవై రెండో తేదీ లోపల ఒక సంతకం.

తమ మందుల గిడ్డంగి కాటా పావు కిలో తక్కువ చూపుతున్నది. వరుసలో నిలబడినప్పుడు గమనించాను. ఎప్పుడు పిలిచినా వచ్చి సరిచేస్తాను. కూలి అక్కరలేదు, ఆదాయంలో కలుస్తుంది.

పై సంగతులన్నీ చిత్తగించవలెను. వరుస నంబరు పిలిచేవరకు బయట బల్ల మీదనే ఉంటాను.

తమ విధేయుడు,
కాటాల మరమ్మతు పనివాడు
(తమ కార్యాలయంలో "సబ్బుల పెద్దాయన" అంటే తెలియును)

జతపరచినవి: నిరాకరణ ఉత్తర్వు, ఆసుపత్రి జాబితా, కొత్త ఫారం, సబ్బు ఒకటి.

తా.క. కవరు అంటించే ముందు ఆమెను మళ్ళీ కాటా ఎక్కించాను. నలభై ఒకటి నాలుగు వందలు. మూడు రోజుల్లో రెండు కిలోలకు పైగా తగ్గడం ఉండదనుకుని కాటా మొత్తం విప్పి, తుడిచి, బిగించి, ఇరవై కిలోల రాయి పెట్టి చూశాను. ఇరవై చూపింది. రాయి తీసి మళ్ళీ ఎక్కమన్నాను. "ఎన్నిసార్లు తూస్తారండీ, నేనేమన్నా పిండి బస్తానా?" అన్నది. గోడ పట్టుకుని ఎక్కింది. అదే వచ్చింది. గోడ పట్టుకోకుండా నిలబడమన్నాను. ఇంకో వంద గ్రాములు పెరుగుతుందేమోనని. నిలబడలేకపోయింది.

అయ్యా, కాటాలో తప్పు లేదు. పదకొండో గడిలో అంకె పెన్సిల్‌తో వేశాను. తమరు సంతకం చేసే రోజు కబురు చేస్తే, ఆ ఉదయం తూచి, తుడిచి, సిరాతో రాస్తాను. తొందరగా చెప్పండి.