సాయంత్రం తీసిన కొలత

జూన్ 3, సోమవారం

చెప్పుల కొలతల పుస్తకంలో వెనక పేజీలు ఖాళీగా ఉంటే ఇలా నాలుగు ముక్కలు రాసుకుంటాను. నేను చదివింది నాలుగో క్లాసు. అందులోనూ సగం రోజులు గుమ్మం బయటే నిలబడ్డాను.

అల్లుడి చెప్పు తెగింది. ఎలక్ట్రీషియన్ కదా, రోజంతా నిచ్చెన మీదే. పిన్నీసు పెట్టుకుని లాక్కొస్తున్నాడు. చెప్పులు కుట్టేవాడి అల్లుడు పిన్నీసుతో ఊరంతా తిరిగితే నా షాపుకి వేరే బోర్డెందుకు అల్లుడుగారూ అన్నాను. సాయంత్రం కాగితం మీద నిలబెట్టి పాదం చుట్టూ పెన్సిల్ తిప్పాను. నేనెప్పుడూ సాయంత్రమే కొలత తీస్తాను. పొద్దున పాదం సన్నంగా ఉంటుంది, పొద్దు వాలేసరికి ఉబ్బుతుంది. పొద్దున కొలతకి కుట్టిన చెప్పు సాయంత్రానికి కరుస్తుంది. కింద తారీఖు, టైము వేసి సంతకం కూడా పెట్టిస్తాను. లేకపోతే ఆర్నెల్లు వాడేసి, కొలతే తప్పని దెబ్బలాటకొస్తారు.

అల్లుడికి చక్కిలిగింతలెక్కువ. పెన్సిల్ చిటికెనవేలి దగ్గరికి వెళ్లగానే చచ్చిపోతాను మామయ్యా అని పకపకా నవ్వి కాలు లాక్కున్నాడు. గీత వంకర పోయింది. పెళ్లయినప్పట్నుంచీ ప్రతి కొలతలోనూ ఇదే వంకర.

జూన్ 4, మంగళవారం

పొద్దున ఎనిమిదింటికి పోలీసులొచ్చి అల్లుణ్ణి తీసుకెళ్లారు. గోడౌన్‌లో రాగి వైరు చుట్టలు పోయాయట. ఆఖరున అక్కడ పని చేసింది ఇతనేనట. అరగంటలో పంపిస్తామన్నారు.

సాయంత్రం స్టేషన్‌కి వెళ్తే, అసలు ఆ మనిషే ఇక్కడ లేడన్నారు.

గుమ్మం పక్కన పిన్నీసు పెట్టిన చెప్పులున్నాయి.

జూన్ 5

అమ్మాయి అన్నం ముట్టలేదు. మా ఆవిడా ముట్టలేదు. నేను తిన్నాను. చెప్పులు కుట్టాలి కదా.

జూన్ 6, గురువారం

అమ్మాయి ఒక లాయరమ్మని పట్టుకొచ్చింది. మనిషిని పట్టుకుంటే ఇరవై నాలుగ్గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలట. ఇంట్లోవాళ్లకి కబురు చెప్పాలట. లాయర్ని కలవనివ్వాలట. దొంగైనా సరే, ఖూనీకోరైనా సరే, ఒంటి మీద చెయ్యి వెయ్యకూడదట. కొట్టి ఒప్పించింది కోర్టులో చెల్లదట. ఇన్ని ఉన్నాయని నాకు డెబ్భై రెండేళ్లొచ్చాక తెలిసింది. మరి ఇవన్నీ స్టేషన్ వాళ్లకి ఎవరు చెప్తారమ్మా అన్నాను. నవ్వింది గానీ అది నవ్వు కాదు.

రేపు కోర్టుకి తెస్తారట. ఇంకో ఐదు రోజులు మా దగ్గరే ఉంచుకుంటామని అడుగుతారట. ఐదు రోజులిస్తే ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేస్తాడు. అది నాకొకరు చెప్పక్కర్లేదు.

చెప్పులు పూర్తయ్యాయి.

జూన్ 7, మధ్యాహ్నం ఒంటిగంట

కోర్టు వరండాలో కూర్చుని రాస్తున్నాను.

అల్లుణ్ణి పదింటికి తెచ్చారు. వట్టికాళ్లు. అరికాళ్లు నేలకి ఆనకుండా పాదాల అంచుల మీద నడుస్తున్నాడు. యాభై ఏళ్లుగా జనం కాళ్లే చూస్తున్నాను. ఇక మొహం చూడక్కర్లేకపోయింది.

నిన్న మధ్యాహ్నమే పట్టుకున్నామని రాశారు. గాయాల్లేవని డాక్టరు కాగితం ఇచ్చాడు. చొక్కా ఎత్తి చూశాడట, అంతే. ఎవరైనా కొట్టారా అని మేజిస్ట్రేట్ అడిగారు. ఇన్‌స్పెక్టర్ సరిగ్గా వీపు వెనకే నిలబడ్డాడు. లేదండీ అన్నాడు అల్లుడు. లాయరమ్మ మొహం పాలిపోయింది.

నేను లేచాను. అయ్యా, చెప్పులు కుట్టేవాడి అల్లుడు మీ ముందు వట్టికాళ్లతో నిలబడితే నా పరువేం కాను, కొత్త జత తెచ్చాను, తొడగనివ్వండి అన్నాను. అందరూ నవ్వారు. మేజిస్ట్రేట్ కూడా కళ్లద్దాలు తీసి నవ్వి, కానివ్వమన్నారు.

ఎక్కలేదు. వేళ్ల దగ్గరే ఆగిపోయింది.

ముసలాయన సైజు తప్పాడన్నాడు ఇన్‌స్పెక్టర్. సంచీలోంచి పుస్తకం తీశాను. గీత, తారీఖు, సంతకం చూపించాను. పూటని బట్టి ఎవరి కాళ్లయినా ఉబ్బుతాయి కదా అన్నాడు. తెలివైనవాడే. అవును బాబూ, అందుకే సోమవారం సాయంత్రం ఆరింటికి తీశాను, ఇప్పుడు పొద్దున పదిన్నర, కాలు సన్నబడాలి కదా అన్నాను.

ఎవరూ నవ్వలేదు. మేజిస్ట్రేట్ ఇన్‌స్పెక్టర్ని బయటికి పంపించి మళ్లీ అడిగారు. అల్లుడు ఒళ్లో పెట్టుకున్న కొత్త చెప్పులు చూస్తూ చెప్పాడు. మంగళవారం నుంచీ అన్నాడు. కర్రతో అన్నాడు. అరికాళ్ల మీదైతే ఎవరూ చూడరని వాళ్లలో వాళ్లు అనుకున్నారన్నాడు.

స్టేషన్‌కి తిరిగి ఇవ్వలేదు. కోర్టు మనిషిని తోడిచ్చి ఆసుపత్రికి పంపారు. ఈసారి వేరే డాక్టర్లు చూస్తారట.

అమ్మాయి నా భుజం మీద తల పెట్టి ఏడుస్తోంది. అందుకే ఈ అక్షరాలు ఇలా వంకరటింకరగా ఉన్నాయి.

జూన్ 8

నా చెప్పులకి నెంబరు కట్టి కోర్టు బీరువాలో పెట్టారు. సోమవారం కొలత కాగితం కూడా తీసుకుని రసీదిచ్చారు. యాభై ఏళ్లకి బీరువాలో దాచుకునేంత మంచి జత కుట్టారన్నమాట అంది మా ఆవిడ. నాలుగు రోజుల తర్వాత ఇవాళే ఎత్తిపొడిచింది. ప్రాణం లేచొచ్చింది.

జూన్ 24

అల్లుడు బెయిల్ మీద ఇంటికొచ్చాడు. వైరు కేసు అలాగే ఉంది. ఇన్‌స్పెక్టర్ మీద కూడా కేసు పెట్టారు. లాయరమ్మ చాలా ఏళ్లు పడుతుందంది. పట్టనీ, నేనెక్కడికీ పోనన్నాను.

అల్లుడు వాకిట్లోంచి మంచం దాకా గోడ పట్టుకుని నడిచాడు.

ఆగస్టు 11, సాయంత్రం ఐదున్నర

అల్లుడికి కొత్త కొలత తీశాను. సైజు పాతదే.

చిటికెనవేలి దగ్గర కావాలనే రెండుసార్లు తిప్పాను. నవ్వలేదు. గీత తిన్నగా వచ్చింది.