సున్నా వచ్చిన రోజు

చిట్టితల్లికి,

నాన్న రాస్తున్నాడు. మేమిద్దరం కులాసా. నువ్వూ వేళకి తిని, వేళకి పడుకుంటూ కులాసాగానే ఉన్నావనుకుంటున్నాను. అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగావు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటోంది గానీ, ఎక్కేటప్పుడు నాకంటే ముందే ఉంటోంది. వంటింటి కిటికీ బిగించాను, ఇక గాలికి కొట్టుకోదు.

ఇక నీ పెద్ద ప్రశ్న. "ఐదేళ్లకోసారి వెళ్లి రక్తం ఇచ్చొస్తావు, ఆ గుండె పరిశోధన వాళ్లు నీకేం ఒరగబెట్టారు నాన్నా?" అని రాశావు. ఈ వారం దానికి జవాబు దొరికింది. ఉత్సాహంలో అక్షరాలు వంకరపోతున్నాయి, సర్దుకుని చదువుకో.

మొన్న మమ్మల్నందరినీ ఆస్పత్రి హాల్లోకి పిలిచారు. ముప్పై ఐదేళ్ల క్రితం వాళ్లు మా లేత్ షాపుకి వచ్చి, ముప్పై దాటని వాళ్లందరి పేర్లూ రాసుకున్నారు. నాకప్పుడు ఇరవై రెండు. రాయి తిన్నా అరిగే వయసు, మా రక్తంతో వీళ్లకేం పని అని నవ్వుకున్నాం. ఇప్పుడు ఆ పరీక్షలన్నీ తెరమీద గీతలుగా చూపించారు. గుండెపోటు యాభైల్లో వచ్చినా, దాని దారి ఇరవైల్లోనే మొదలవుతుందట. పొగ తాగినవాళ్ల గుండె ముప్పు గీత పైకి పోతోంది. మధ్యలో మానేసినవాళ్ల గీత మాత్రం మెల్లమెల్లగా కిందికి వంగింది. అది చూసి హాలంతా చప్పట్లు. ఆ గీతల్లో నేనూ ఉన్నానమ్మా.

తర్వాత ఒక్కొక్కరినీ లోపలికి పిలిచారు. డాక్టరమ్మ నా స్కాన్ చూసి, "గుండె రక్తనాళాల్లో సున్నం పేరుకుందా అని చూశాం. మీకు సున్నా" అంది. బళ్లో సున్నా వస్తే వీపు చిట్లేది. యాభై ఏడేళ్లకి సున్నా తెచ్చుకుని ఎగిరి గంతేసినంత పని చేశాను.

ఇక ఇన్నాళ్లూ దాచినది చెబుతాను. ఆ సంతోషంలో కూడా కుర్చీలోంచి లేవలేకపోయాను. "డాక్టరమ్మా, నా కాగితంలో ఒక అబద్ధం ఉంది" అన్నాను. మొదటిరోజు ఫారంలో పొగ తాగుతారా అని అడిగితే లేదని రాశాను. పక్కన మీ పెద్దమామయ్య కూర్చుని తన ఫారం నింపుతున్నాడు, మీ అమ్మతో నా సంబంధం అప్పుడే కుదురుతోంది. ఇంకేం రాయను? కానీ షెడ్డు వెనక రోజుకి ఎనిమిది సిగరెట్లు కాల్చేవాణ్ణి. పెళ్లయ్యాక బట్టల వాసనని షెడ్డులో మిగతావాళ్ల మీదికి నెట్టేశాను. వెంట్రుకవాసి తేడా వస్తే ఇనుప ముక్కని పారేసేవాణ్ణి, నా కొలతే తప్పు ఇచ్చానని ఎంత కుమిలిపోయానో.

ఆవిడ కంప్యూటరు చూసి నవ్వింది. "మొదటి ఏడాదే మీ రక్తం చెప్పేసిందండీ. పొగాకు గుర్తు అందులో కనబడుతుంది. మేం లెక్కలోకి తీసుకున్నది రక్తాన్నే."

"మరి నన్ను అడగలేదే?"

"అడిగితే మళ్లీ వచ్చేవారా?"

వచ్చేవాణ్ణి కాదని ఒప్పుకున్నాను. నాలుగోసారి నుంచి రక్తంలో ఆ గుర్తు లేదట, ఎలా మానేశారని అడిగింది. మూడోసారి వాళ్ల పరుగు మిషన్ మీద ఆయాసంతో సగంలోనే దిగిపోయాను. నేను పరిగెత్తిన నిమిషాల అంకె నర్సు రాసుకుంది. ఆ అంకె నన్ను నిద్రపోనివ్వలేదు. అదే చెప్పాను.

తల్లీ, నీకు పంతొమ్మిదేళ్లప్పుడు నీ సంచిలో సిగరెట్ పెట్టె దొరికింది. "మన ఇంటా వంటా లేదీ అలవాటు" అని అరిచాను. "ఒక్కటే కాల్చాను నాన్నా" అని నువ్వు ఏడిస్తే, అబద్ధాలకోరువన్నాను. మూడు వారాలు నీతో మాట్లాడలేదు. పన్నెండేళ్లు కాల్చినవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని అన్నానో. నన్ను క్షమించు.

వాళ్లిప్పుడు మా పిల్లల్ని కూడా చేర్చుకుంటున్నారు, మీ ఊళ్లోనూ ఒక కేంద్రం ఉందట. ఫారం ఇందులో పెట్టాను. చేరమని బలవంతపెట్టను. 'తల్లిదండ్రుల్లో ఎవరైనా పొగ తాగారా' అన్నచోట మాత్రం నేనే నింపాను. మిగతాది నీ ఇష్టం.

ఇదంతా మీ అమ్మకి చెప్పి రెండ్రోజులైంది. అప్పట్నుంచీ మాట లేదు, కంచం మాత్రం ముందు పెడుతోంది. ఇందాక గుమ్మంలో నిలబడి, "అమ్మాయికి రాశారా?" అంది.

"రాస్తున్నాను."

"అది పోస్టులో వేసి రండి. తర్వాత మాట్లాడదాం."

చెప్పులు వేసుకునే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ఇట్లు,
నీ మాట నమ్మాల్సిన రోజున నమ్మని
నాన్న