మా అన్న పక్కన జాగా

వాషింగ్టన్ నగరం, కనెక్టికట్ అవెన్యూలో కాపురముంటున్న వెండెల్ ఆష్‌క్రాఫ్ట్ అను నేను, విదేశాంగ శాఖలో పనిచేసి విరమించినవాడను, ఒంట్లో ఓపిక తగ్గినా మతి చెదరక, నా ఇష్టపూర్వకంగా ఈ వీలునామా రాస్తున్నాను. ఎవరి ఒత్తిడీ లేదు. ఒత్తిడి చేయడానికైనా ఈ గడప తొక్కేవాళ్ళు లేరు. ఇంతకుముందు రాసినవన్నీ రద్దు.

1. దీని అమలు బాధ్యత, చైనాతో చర్చల్లో నాకు దుబాసీగా ఉన్న ఇర్మా కాస్టెల్ గారిది. నా మాటల్లోని కోపాన్ని ఆమె చాలాసార్లు దారిలోనే దించేసి, మిగిలినది అవతలివారికి అందించేది. ఇక్కడ మాత్రం ఉన్నదున్నట్టు జరిపించవలెను.

2. మూత ఉన్న నీలం పింగాణీ గిన్నె బీజింగ్‌లోని ఛియూ వెన్‌షాన్ గారికి చెందవలెను. వాణిజ్య ఒప్పందం చర్చల్లో ఆయన నాకు ఎదుటిపక్షం. నేను దగ్గుతూనే బల్ల గుద్ది అరిచిన మర్నాడు, దగ్గుకు మంచిదని పటికబెల్లంతో ఉడికించిన బేరిపళ్ళు ఈ గిన్నెలో పంపాడు. బేరంలో మాత్రం వెంట్రుకవాసి దిగలేదు. తర్వాత మా రెండు ప్రభుత్వాలకూ చెడింది. మేమిద్దరం ఉత్తరాలు రాసుకోవడం రెండు వైపులా అనుమానమైంది, మానేశాం. ఆయన ఉన్నాడో లేడో తెలియదు. ఆయన గానీ, ఆయన వారసులు గానీ దొరక్కపోతే ఇర్మా గారు దాన్ని వంటకు వాడుకోవలెను. అద్దాల బీరువాలో పెట్టరాదు.

3. నాకు పై అధికారిగా చేసిన గిల్బర్ట్ ప్రూయిట్‌కు ఆ ఒప్పందం సంతకాలనాటి ఫోటో. అందులో అందరికన్నా వెడల్పుగా నవ్వుతున్నది ఆయనే. గాలి తిరిగాక, చైనాను నమ్మిన అమాయకులని మమ్మల్ని పత్రికల్లో ఎద్దేవా చేసిందీ ఆయనే. గోడకు తగిలించుకోవాలని షరతు పెట్టడానికి చట్టం ఒప్పుకోదట.

4. నా స్వార్జితమైన ఈ ఫ్లాటు, బ్యాంకులో ఉన్న డబ్బు, దానవిక్రయాది సర్వహక్కులతో మా అన్న రాయిస్ కూతురు కోరీన్‌కు చెందవలెను. ఊహ తెలిశాక ఆమె నన్ను చూసింది ఒక్కసారే కాబట్టి కారణం చెప్పాలి.

ఉత్తర కరోలినా కొండల్లో, మా బ్రాన్సన్ క్రీక్‌లో, మా అన్న కుర్చీల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. మా ఒప్పందం తర్వాత చైనా కుర్చీలు ఓడల్లో రావడం మొదలై ఫ్యాక్టరీ మూతపడింది. అమ్మను పూడ్చిన రోజు అన్న నన్ను పక్కకు పిలిచాడు. “ఒరే, ప్రపంచమంతటితో మాట్లాడొచ్చావు. మన వీధివాళ్ళని ఒక్కమాట అడిగావురా?” అన్నాడు. ఆ తర్వాత బతికున్నంతకాలం నాతో మాట్లాడలేదు. సరుకులు అటూ ఇటూ తిరుగుతున్నంతకాలం ఫిరంగులు తిరగవని నేను నమ్మాను. ఆ మాట ఇవాళా వెనక్కి తీసుకోను. మా వీధిలో ఇళ్ళకు తాళాలు పడ్డ మాటా నిజమే.

అన్న పోయినప్పుడు వెళ్ళి చర్చిలో వెనక నిలబడ్డాను. నాన్నగారి స్నేహితులాండీ అని కోరీన్ అడిగింది. తమ్ముణ్ణమ్మా అన్నాను. కాసేపు నా మొహంలోకి చూసి, “భోంచేశారా బాబాయ్?” అంది. పళ్ళెం తెచ్చి నా చేతికిచ్చింది. నన్ను వరస పెట్టి పిలిచినవాళ్ళు ఇంకెవరూ లేరు.

5. కిటికీ దగ్గరి చెక్క కుర్చీ కూడా ఆమెకే. పాతసామాన్ల కొట్లో కొన్నాను. అడుగున ఆ ఫ్యాక్టరీ ముద్ర ఉంది. మా అన్న చెయ్యి దానిమీద పడిందో లేదో నాకు తెలియదు.

6. బ్రాన్సన్ క్రీక్ శ్మశానంలో మా అన్న పక్కన కొంచెం జాగా ఉంది. కోరీన్ ఒప్పుకుంటే నన్ను అక్కడ ఉంచవలెను. ఒప్పుకోకపోతే ఎక్కడైనా సరే, నాలుగో అంశం యథాతథంగా నిలుస్తుంది. ఇర్మా గారు ఆమెను ఒక్కసారే అడగాలి. నచ్చజెప్పకూడదు. జన్మంతా నేను చేసింది అదే.

తేదీ: 14 నవంబరు 2023, వాషింగ్టన్.

(సంతకం) వెండెల్ ఆష్‌క్రాఫ్ట్

బంధువులెవరూ దగ్గర లేనందున, నా కళ్ళెదుట చేవ్రాలు చేసిన సాక్షులు:
ఆగ్నెస్ టాల్‌మజ్, ఎదురు ఫ్లాటు
డెస్టా వొల్డే, ఈ భవనం గుమ్మం దగ్గర ఉద్యోగి